చిత్రదర్శనము – వ్యాఖ్యానపద్ధతి

భవభూతి ఉత్తరరామచరితమున ప్రథమాంకము చాలవరకు చిత్రదర్శనముతో నిండియున్నది. రాముని చరితమును చిత్రించిన వీథికను లక్ష్మణుడు సీతారాములకు చూపుచు నడచును. ఆ కథ యంతయు ఆ మువ్వురును స్వయముగా అనుభవించినదే. అయినను వారు చూచిన తీరు గమనింపదగినది. వివాహఘట్టమున లక్ష్మణుడు ఊర్మిళను విడిచి తక్కిన వధువులను పేర్కొనగా, ఈమె యెవరని సీత అడుగును. లక్ష్మణుడు సిగ్గుపడి చూపును మరియొక చిత్రమునకు మరలించును. మంథర కనబడినచోట రాముడు బదులు పలుకక ముందునకు సాగును. శూర్పణఖను చూచి సీత ఇది చిత్రమను మాట మరచి భయపడును. జనస్థానఘట్టమున రాముని కన్నులు చెమర్చును. తుదకు ఆ చిత్రములే సీతకు వనములను, గంగను మరల చూడవలెనను కోరికను కలిగించును. ఆ కోరికయే ఆమె పరిత్యాగమునకు ద్వారమగును.

తెలిసిన కథను చూచునప్పుడును చూపు చేయు పని ఇంత యున్నది. నిలిచి చూచువానికి చిత్రమేమి చేయగలదో భవభూతి రూపకముగా నిర్మించి చూపినాడు. నేటి వస్తుప్రదర్శనశాలలలో శిల్పముల ముందు మనము నిలుచు తీరు ఇందుకు విపరీతముగా నున్నది. కావ్యమును చదువుటకు మన పూర్వులు ఏర్పరచిన వ్యాఖ్యానపద్ధతి శిల్పమును చూచుటకును చాలిన సాధనమనియు, ప్రాచ్యకళాశాలలు ఆ సాధనమును గ్రంథములకే పరిమితము చేయుట తగదనియు ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచినాను.

న్యూయార్కు నగరమునందలి మెట్రోపాలిటన్ మ్యూజియములో ప్రేక్షకులు ఒక్కొక్క కళాఖండము ముందు ఎంతసేపు నిలుచుచున్నారో లెక్కించి ఇద్దరు పరిశోధకులు 2001లో ప్రకటించిరి. సగటు 27 సెకండ్లు. సగము సందర్భములలో అది 17 సెకండ్లకు మించలేదు. చికాగో నగరపు కళాసంస్థలో మరల లెక్కించి 2017లో ప్రకటించినప్పుడు సగటు 29 సెకండ్లకు చేరువగా తేలినది. ఒక శార్దూలవిక్రీడితమును నెమ్మదిగా ఒకమారు చదువుటకు పట్టు కాలము ఇంచుమించు ఇంతే. ఒక్కమారు వినిన శ్లోకమునకు అర్థము తెలిసినదని లేచిపోవు విద్యార్థిని ఏ గురువును మెచ్చుకొనడు. శిల్పము విషయమున మాత్రము ఆ తొందరను ఎవరును తప్పుపట్టుట లేదు.

జనులకు ఓపిక లేదనుటయు సరికాదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో గంట కొట్టు గడియారము ముందు జనము వేళకు ముందుగనే చేరి, లోపలినుండి చిన్నబొమ్మ వెలువడి గంట మోగించు వరకు కన్నార్పక వేచియుందురు. ఆ భవనములోనే బెంజోని యను ఇటలీ శిల్పి 1876లో చెక్కిన ముసుగు రెబెక్కా పాలరాతి ప్రతిమ కలదు. ఆ పలుచని ముసుగును రాతియే యని తెలిసికొని ఆశ్చర్యపడినవారు ఆ ఆశ్చర్యము చల్లారకముందే కదలిపోవుదురు. గడియారము వద్ద ఏదో జరుగనున్నదని వారికి తెలియును గనుక వేచియుందురు. శిల్పము వద్దను జరుగును, కాని దానికి వేళ నిర్ణయించి చెప్పువారు లేరు. నిలిచినవానికే అది తెలియును.

ఇందుతో ప్రాచ్యకళాశాలలకు పనియేమని అడుగవచ్చును. నలువది ఏండ్లకు పైబడి పాఠము చెప్పిన అనుభవముతో ఒక మాట చెప్పుచున్నాను. అమరకోశము ద్వితీయకాండమున పురవర్గమును కంఠస్థము చేసిన విద్యార్థి గోపురమునకు, తోరణమునకు, హర్మ్యమునకు, వాతాయనమునకు పర్యాయపదములను తడుముకొనక చెప్పును. తెలుగుదేశపు శిల్పి పదునెనిమిది వందల ఏండ్ల క్రిందట చెక్కిన నగరవీథిని చూపి, ఇందు హర్మ్యమేది, వాతాయనమేది యని అడిగినచో తడబడును. పదము నోటనున్నది, పదార్థము కంటికి తెలియదు. ఇది విద్యార్థి దోషము కాదు. చూపవలసినవారు చూపలేదు.

వ్యాఖ్యానమునకు ఐదు లక్షణములని మనము పాఠశాలలో మొదటనే నేర్చుకొందుము. పదచ్ఛేదము, పదార్థోక్తి, విగ్రహము, వాక్యయోజన, ఆక్షేపసమాధానము – ఇవి ఆ ఐదు. వీనిని ఒక శిల్పమునకు అన్వయించి చూతము. చెన్నై ప్రభుత్వ మ్యూజియములో నున్న అమరావతి శిల్పములలో నలగిరిదమనమును చెక్కిన వర్తులఫలకము ప్రసిద్ధమైనది. ధాన్యకటక మహాచైత్యమును చుట్టియుండిన వేదికకు చెందినది, క్రీ.శ. రెండవ శతాబ్దినాటిదని విద్వాంసులు నిర్ణయించిరి. అమరావతి రాళ్లను పాలరాళ్లని పిలుచుట వాడుకయైనను, అవి నిజమునకు పలనాటి సున్నపురాళ్లు. ఇతివృత్తము తెలిసినదే. దేవదత్తుడు బుద్ధునిపై అసూయతో, మదించిన నలగిరి యను ఏనుగును రాజగృహవీథిలో విడిపించెను. సంస్కృతబౌద్ధగ్రంథములలో దానికి ధనపాలుడను పేరును కలదు. ఆ ఏనుగు బుద్ధుని మైత్రికి లొంగి పాదములకు మ్రొక్కెను.

మొదటిది పదచ్ఛేదము. ఫలకము ముందు నిలిచినవాడు మొట్టమొదట చేయవలసినది విడదీసి లెక్కించుట. ఎడమవైపున ఒక ఏనుగు వీథిలో చెలరేగి జనులను చిందరవందర చేయుచున్నది. కుడివైపున ఒక ఏనుగు వంగి మ్రొక్కుచున్నది. దాని ఎదుట బుద్ధుడు, ఆయన వెనుక భిక్షువులు. నడుమ పౌరులు. వెనుక భవనములు, వాని పైయంతస్తులలో చూచుచున్నవారు. తొందరపడువాడు ఒక కిక్కిరిసిన గుంపును చూచును. లెక్కించువాడు ఏనుగులు రెండనుచోట ఆగును. సంధిని తప్పుగా విడదీసిన శ్లోకార్థము చెడినట్లు, ఇచ్చట రెండు ఏనుగుల కథయని తలచిన ఫలకార్థము చెడును.

రెండవది పదార్థోక్తి. కనబడిన ప్రతి వస్తువునకు పేరు చెప్పవలెను. ద్వారము, హర్మ్యము, గవాక్షము, పౌరుల తలపాగాలు, స్త్రీల ఆభరణములు, భిక్షువుల వస్త్రము – ప్రతిదానికి మన కోశములలో పదమున్నది. పేరు చెప్పవలసి వచ్చినప్పుడే కన్ను సరిగా చూచును. ఇది తోరణమా, గోపురద్వారమా యని సందేహము కలుగగానే విద్యార్థి దగ్గరకు జరిగి మరల చూచును. కోశపఠనమునకు ఇంతకంటె సార్థకమైన అభ్యాసము నాకు తోచుట లేదు.

మూడవది విగ్రహము. ఈ పదమునకు సమాసమును విడదీయుటయని యొక యర్థమును, ప్రతిమయని మరియొక యర్థమును ఉండుట మనకు కలిసివచ్చినది. సమాసములో పదములకుగల సంబంధమును విప్పి చెప్పునట్లు, ఫలకములో మూర్తులకుగల పరస్పరసంబంధమును విప్పవలెను. భయపడిన యొక స్త్రీ పక్కనున్న పురుషుని పట్టుకొనియున్నది. ఆమె చూపు ఎటున్నది? ఆతడు ఆమెను ఊరడించుచున్నాడా, తానును బెదరినాడా? భిక్షువులు గురువును అనుసరించి నిలిచిన తీరునకును, పౌరులు చెల్లాచెదరైన తీరునకును భేదమేమి? ఒకే అపాయము ముందు ఇన్ని విధములుగా మనుష్యులు నిలిచినారు. తత్పురుషమా, బహువ్రీహియా యని తేల్చుకొనుటకు ఎంత నిదానము కావలెనో, ఒక్క చేతి వంపు దేనిని చెప్పుచున్నదో తేల్చుకొనుటకును అంత నిదానము కావలెను.

నాలుగవది వాక్యయోజన. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యనునవి వాక్యార్థజ్ఞానమునకు హేతువులని శాస్త్రము చెప్పును. ఎడమనున్న ఏనుగు ఉద్ధతి ఒక ఆకాంక్షను పుట్టించును: తరువాత ఏమయ్యెను? కుడినున్న ఏనుగు వినతి దానిని తీర్చును. రెండింటిని ఒకే వలయములో సన్నిధిచేసి చెక్కుటచే ఇది యొకటే యేనుగు, కాలములే రెండని తెలియును. ఎడమనుండి కుడికి కన్ను నడచినప్పుడు కథయు నడచును. వాక్యము క్రియాపదము వద్ద ముగిసినట్లు చూపు ఆ వంగిన తల వద్ద విశ్రమించును. ఈ అన్వయము కుదిరిన వెనుక మొదట గుంపుగా కనబడినది వాక్యముగా కనబడును.

ఐదవది ఆక్షేపసమాధానము. వ్యాఖ్యాతకు పరీక్ష ఇచ్చటనే. బుద్ధుడు ప్రధానపురుషుడైనచో ఆయనను ఫలకము నడుమ నిలుపక ప్రక్కకు ఏల చెక్కినాడు? నగరపౌరులకు ఇంత చోటు ఏల? మేడమీదివారికి కథలో పనియేమున్నది? నాకు తోచిన సమాధానమిది. శిల్పికి ప్రధానము ఒక్క వ్యక్తి మహిమ కాదు. ఒక వీథినిండ వ్యాపించిన భయము శమించుట. భయమును చూపవలెనన్న భయపడినవారిని చూపవలెను. ఆ శమము ఎచ్చటనుండి మొదలైనదో చూపుటకు బుద్ధుని తుదిని నిలిపినాడు. ఉద్ధతమైన ఏనుగు వీథి యంతయు దాటివచ్చి ఆయన ముందు ఆగినది. మేడమీదివారు ఈ ఘటనకు ప్రేక్షకులు. రాతికి వెలుపల మనమెట్లో, రాతిలోపల వారట్లు. మనము చూడవలసిన తీరును శిల్పి వారిచేత చూపించినాడు. ఇతరులకు వేరొక సమాధానము తోచవచ్చును. అట్టి విప్రతిపత్తి కలుగుటయే చూపు ఫలించుటకు గుర్తు.

ఇచ్చట ఆలంకారికులకు ఒక విచారము కలదు. భయానకమునుండి శాంతమునకు నడచు ఈ గతిని శిల్పి చెక్కిన కాలమునకు శాంతము రసమగునా కాదా యను చర్చ మనకు తెలిసిన గ్రంథములలో ఇంకను రూపొందలేదు. అభినవగుప్తుడు శాంతమును సమర్థించినది సుమారు ఎనిమిది శతాబ్దుల తరువాత. దీనివలన సిద్ధాంతమేదియు తేలునని నేననుట లేదు. రసవిచారము చేయువానికి శిల్పము ఉపేక్షింపదగిన సాక్షి కాదని మాత్రము చెప్పుచున్నాను.

ఈ ఐదింటిని సరిగా నిర్వహించుటకు అరగంటయైనను చాలదు. వచ్చినవారు ఒక్కొక్క శాలలో నూరు వస్తువులను చూచి బయటపడుటకంటె, ఒక్కదానిని ఇట్లు చూచి తిరిగిపోవుట మేలని నా అభిప్రాయము.

దీనిపై వచ్చు పూర్వపక్షములను విచారింతము. వస్తువు ప్రక్కన పేరు, కాలము, కథ వ్రాసిన ఫలకముండగా ఇంత శ్రమయేల యని కొందరందురు. తాత్పర్యమును వల్లించి మూలమును విడిచిన విద్యార్థి స్థితి ఇది. నలగిరిదమనమని చదివినవానికి తెలిసినది కథపేరు మాత్రమే. ఆ స్త్రీ భయము, ఆ మేడమీది చూపులు పేరులో లేవు. ముందు శిల్పమును చూచి, పిదప వ్రాతను చదివి, మరల శిల్పమును చూచినచో ఆ వ్రాత ఉపకరించును. ముందుగనే చదివినవానికి చూచుటకు ఏమియు మిగిలినట్లు తోచదు.

మంచి ఛాయాచిత్రములు గ్రంథములలోను, నేడు సెల్‌ఫోనులలోను లభించుచుండగా ప్రయాణమేల యనునది రెండవ పూర్వపక్షము. ఛాయాచిత్రము స్మరణకు ఉపకరించును, దర్శనమునకు బదులు కాదు. లండను బ్రిటిష్ మ్యూజియములో నున్న అమరావతి ఫలకమొకటి దీనికి నిదర్శనము. దాని ఒకవైపున బోధివృక్షము, రిక్తాసనము, భక్తులు చెక్కబడియున్నారు, అది క్రీ.పూ. ఒకటవ శతాబ్దినాటిదని భావించుచున్నారు. కొన్ని శతాబ్దుల పిదప, క్రీ.శ. మూడవ శతాబ్దిలో, ఆ రాతినే త్రిప్పి రెండవవైపున స్తూపమును చెక్కిరి. తాళపత్రమునకు వెనుకవైపున మరియొక గ్రంథమును వ్రాసినట్లయినది. ఎదుట నిలిచి చూచినవానికి సగమే తెలియును. చుట్టు నడచినవానికే ఒక రాయి రెండు కాలముల భక్తిని మోసినదని తెలియును. ఏ ఒక్క ఛాయాచిత్రమును ఆ నడకను చూపలేదు.

బౌద్ధశిల్పముతో వైదికపాఠశాలకు పనియేమనునది మూడవది. ఈ మాట చెప్పువారు తాము తొలుత కంఠస్థము చేసిన కోశమును గుర్తునకు తెచ్చుకొందురు గాక. అమరసింహుడు బౌద్ధుడనియే సంప్రదాయజ్ఞులు చెప్పుచున్నారు. ఆతని కోశముతో అక్షరాభ్యాసము గడిపి, ఆతని మతస్థుల శిల్పమును చూడమనుటలో న్యాయము లేదు. పరమతమును ఖండించుటకైనను ముందు సాంతముగా వినవలెనని కదా మన వాదమర్యాద!

మేము శబ్దశాస్త్రము చదివినవారము, శిల్పము వేరొక శాస్త్రమను నాలుగవ పూర్వపక్షమునకు విష్ణుధర్మోత్తరమే సమాధానము. ఆ పురాణము తృతీయఖండమున ప్రతిమాలక్షణమును అడిగిన వజ్రునకు మార్కండేయుడు, చిత్రసూత్రము తెలియక అది తెలియదనును. చిత్రమునకు నృత్తము, నృత్తమునకు వాద్యము, వాద్యమునకు గీతము ఆధారములని చెప్పుచు పోవును. ఆపై ఉపదేశము భాషాచ్ఛందోవిచారములకు మరలును. ప్రతిమను గూర్చి అడిగినవానికి మాటనుండి పాఠము మొదలైనదన్నమాట. ఆ సోపానమున మొదటిమెట్టు మనవద్దనే యున్నది. తక్కినవానిని ఎక్కుటకే మనము పూనుకొనలేదు.

సంస్కృతము చదివిన కన్ను శిల్పమును చూచినచో ఎట్టి ఫలము కలుగునో చూపిన మహనీయుడు శ్రీ కలంబూర్ శివరామమూర్తి. మదరాసు మ్యూజియములో నున్న అమరావతి శిల్పములపై ఆయన వ్రాసిన గ్రంథము 1942లో వెలువడినది. ఆభరణములు, ఆయుధములు, గృహోపకరణములు, వేషములు మున్నగువానిని ఒక్కొక్కటిగా పరిశీలించి, సాహిత్యములోని పదములతో సరిపోల్చి చూపినారు. కావ్యములలో మనము అర్థము ఊహించి చెప్పుకొను పదములు పెక్కు ఆ రాళ్లపై రూపముతో కనబడుచున్నవి. ఆ మార్గమున నడచువారు మన కళాశాలలనుండియే రావలసియుండగా, వేళ్లపై లెక్కింపదగినంతమందియు కనబడుట లేదు.

అమరావతి విషయమున తెలుగువారికి మరియొక బాధ్యత కలదు. 1797లో కాలిన్ మెకంజీ ఆ దిబ్బను గూర్చి లోకమునకు తెలియజేసిన నాటికే రాళ్లు కొన్ని కట్టడములకు తరలినవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిల్పములు మదరాసు చేరినవి. వానిలో కొంతభాగము 1859లో ఓడపై లండనునకు పోయినది. వానిని తిరిగి తెప్పింపవలెనను మాట సభలలో వినబడుచుండును. ఆ కోరిక న్యాయమైనదే. కాని అడుగువారు తమ యెదుట ఉన్నవానిని ఎట్లు చూచుచున్నారో కూడ చెప్పుకొనవలెను. అమరావతిలో ఉన్న మ్యూజియము, నాగార్జునకొండ ద్వీపములోని మ్యూజియము మనకు దూరము కావు. తెలంగాణమున ఫణిగిరి తోరణశిల్పములు 2023లో న్యూయార్కు వరకు పోయి, పైన చెప్పిన మెట్రోపాలిటన్ మ్యూజియములోనే ప్రదర్శింపబడినవి. అమరావతి పూర్ణఘటమును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018లో తన రాజచిహ్నమున నిలుపుకొన్నది. ప్రతి ఉత్తరువుపైనను అది యుండును. ఆ ఘటమునుండి వెలువడు పద్మములను మూలశిల్పములో నిలిచి చూచినవారెందరు? చూపులేని స్వత్వము కాగితముపైని స్వత్వమే.

కావున కొన్ని సూచనలు చేయుచున్నాను. ప్రాచ్యకళాశాలలలో తుదిసంవత్సరపు విద్యార్థి ప్రతియొకడును సమీపమున నున్న ఒక శిల్పమును గాని చిత్రమును గాని ఎన్నుకొని, కనీసము మూడుమారులు దాని యెదుట కూర్చుండి, పంచలక్షణములతో వ్యాఖ్యానము వ్రాయవలెను. మొదటిసారి ఏ గ్రంథమును చూడరాదు. దేవాలయమున్న ప్రతి ఊరిలోను స్తంభములుండును గనుక మ్యూజియము దూరమను అడ్డంకియు లేదు. మ్యూజియముల నిర్వాహకులకు నా విన్నపము స్వల్పమైనది. ఒక్కొక్క శాలలో ముఖ్యమైన ఒక్క శిల్పము ఎదుటనైనను కూర్చుండుటకు బల్ల వేయింపుడు. కాగితము, పెన్సిలు తెచ్చుకొనిన విద్యార్థిని అడ్డగింపకుడు. ముందుకు కదలుడని హెచ్చరించు కావలివారు, కూర్చున్నవాడు దొంగ కాడని గ్రహించునట్లు చేయుడు. మన పరిశోధనపత్రికలు ప్రతి సంచికలోను కొన్ని పుటలను ఇట్టి వ్యాఖ్యానములకు కేటాయింపవలెను. పండితుల సంఖ్య తరుగుచున్నదని విలపించుటకంటె, పాండిత్యమునకు క్రొత్త పని చూపుట మేలు.

సహృదయుడన కావ్యమును మరల మరల పరిశీలించుటచే మనస్సను అద్దము నిర్మలమైనవాడని అభినవగుప్తుని ఆశయము. అభ్యాసము లేక ఆ అద్దము తేటపడదు. కావ్యమునకు ఒక అద్దము, శిల్పమునకు ఒక అద్దము అని మనకు రెండు మనస్సులు లేవు. గ్రంథము ముందు నేర్చిన నిదానమును రాతి ముందును పాటించినచో మన విద్యకు వృద్ధియేగాని లోపము లేదు. ఈ ప్రతిపాదనలోని యుక్తాయుక్తములను విజ్ఞులు పరిశీలింతురు గాక.